పరపక్ష సాక్ష్యం: జోసిఫస్ ‘అపియన్ ఖండన’ - ఒక పరిశీలన

యూదమతంపై వచ్చిన విమర్శలకు సమాధానంగా వెలువడిన ప్రాచీన రచనలలో జోసిఫస్ గ్రీకులో రచించిన ‘అపియన్ ఖండన’ ప్రముఖమైనది. క్రీ.శ. 37లో జెరూసలేం పురోహిత వంశంలో జన్మించిన జోసిఫస్ రోమన్లపై పోరాడి, 67లో వారికి లొంగిపోయాడు. 70లో దేవాలయం ధ్వంసమైన తరువాత రోములో స్థిరపడి, 93-94 ప్రాంతంలో 20 భాగాల యూదుల ప్రాచీన చరిత్రను పూర్తిచేశాడు. అందులో ప్రతిపాదించిన ప్రాచీనతను కొందరు శంకించినందున ఈ రెండు భాగాల ఖండన గ్రంథం అవసరమైంది.

గ్రీకు చరిత్రకారులు ప్రస్తావించలేదు కనుక యూదులు అర్వాచీనులన్నది ప్రధానాక్షేపం. దీనికి జవాబుగా జోసిఫస్ గ్రీకుల ప్రామాణ్యాన్నే ప్రశ్నించాడు. వారికి లిపి ఆలస్యంగా అబ్బింది. వారి చరిత్రకారులు పరస్పరం విభేదిస్తారు. కాబట్టి ప్రాచీన విషయాలకు లేఖ్యాలను భద్రపరచుకొన్న ఈజిప్షియన్లు, బాబిలోనియన్లు, ఫినీషియన్లే ప్రమాణమని వాదించి, మనేథోను, బెరోసస్‌ను, టైర్ నగర లేఖ్యాలను ఉదాహరించాడు. ఈ సాక్షులెవరూ యూదులు కారు. వాదానికి బలం అదే.

అయితే మనేథో విషయంలో జోసిఫస్ రెండు వైఖరులు అవలంబించాడు. హిక్సోస్‌ల వృత్తాంతాన్ని స్వీకరించి, వారే యూదుల పూర్వులన్నాడు. యూదులను కుష్ఠురోగులతో ముడిపెట్టిన కథను మాత్రం లేఖ్యాధారం లేని జనశ్రుతిగా తోసిపుచ్చాడు. లేఖ్యాన్నీ జనశ్రుతినీ వేరుచేసే సూత్రం సమంజసమే. కాని తన పక్షానికి అనుకూలించిన హిక్సోస్ సమీకరణాన్ని ఆయన అంత కఠినంగా పరీక్షించలేదు.

రెండవ భాగంలో అపియన్ ప్రస్తావన వస్తుంది. అలెగ్జాండ్రియా వైయాకరణుడైన ఇతడు, ఆ నగరంలో యూదులపై హింస జరిగిన తరువాత, కలిగులా చక్రవర్తి ఎదుట యూదుల ప్రత్యర్థుల తరఫున నిలిచాడు. కనుక అతని ఆరోపణలు కేవలం పాండిత్య వివాదాలు కావు. ఒక సమాజపు పౌరస్థితితో ముడిపడినవి. దేవాలయంలో గాడిద తలను పూజించేవారన్న నిందకు జోసిఫస్ సమాధానం సూటిగా ఉంది: పాంపే మొదలైన విజేతలు ఆలయంలో ప్రవేశించినా అటువంటిదేదీ చూడలేదు. ఇక్కడా సాక్షులు పరాయివారే.

మనేథో చరిత్ర మూలం నేడు లభ్యం కాదు. అందులోని హిక్సోస్ ఘట్టం ప్రధానంగా జోసిఫస్ ఉదాహరణల వల్లనే నిలిచింది. అపియన్ నిందలు తెలిసేదీ ఈ ఖండన వల్లనే. గాడిద తల ప్రసంగమున్న భాగానికి గ్రీకు మూలం కూడా నశించి, 6వ శతాబ్దపు లాటిన్ అనువాదమే మిగిలింది. చార్వాకుల వాదం అధికంగా వారిని ఖండించినవారి గ్రంథాల ద్వారానే తెలిసినట్లు, ఇక్కడా పూర్వపక్షం సిద్ధాంతి చేతిమీదుగానే అందింది. అందుచేత ‘అపియన్ ఖండన’ను యూదుల సమర్థనగా చదివేటప్పుడు దాని వాదబలాన్ని గుర్తించాలి, విమర్శకుల అభిప్రాయాలకు ఆకరంగా వాడేటప్పుడు మాత్రం వాటిని ఎంచి కూర్చినవాడు ప్రతివాదేనన్న సంగతి విస్మరించరాదు.