గుంటూరు, ప్రకాశం పల్లెల్లో స్థానిక రేడియో: ధ్వని, సంగీతం

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెలకు రేడియో పాట మొదట దూరం నుంచే వచ్చింది. 1938 జూన్ 16న ప్రారంభమైన మద్రాసు ఆకాశవాణి కేంద్రం తమిళ, తెలుగు భాషలు రెంటికీ ఒకే గొడుగు. ఉన్న ప్రసార సమయాన్నే రెండు భాషలూ పంచుకోవాల్సి వచ్చేది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ఆరంభం కావడంతో ఆ ఇరుకు తీరింది. అప్పటికి హైదరాబాదు రేడియో ఇంకా ఆకాశవాణిలో కలవలేదు. అందువల్ల మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలకు పూర్తిగా తమదని చెప్పుకోదగిన మొదటి కేంద్రం విజయవాడే. కృష్ణ దాటితే గుంటూరు జిల్లా. పాడేవాళ్లు, కథ చెప్పేవాళ్లు పొద్దున బయలుదేరి స్టూడియోకు వచ్చి, సాయంత్రానికి ఇల్లు చేరగలిగిన దూరం. ఈ ప్రాంతపు రేడియో సంగీతంలో రకరకాల బాణీలు వినిపించడానికి ప్రధాన కారణం ఈ దగ్గరితనమే.

ఆకాశవాణి దక్షిణాది కేంద్రాల్లో ఉదయ ప్రసారాలకు మంగళవాద్యం ఆనవాయితీ. ఆ నాదస్వరానికి గుంటూరు, ప్రకాశం పల్లెలు నెలవులు. చిలకలూరిపేట, సాతులూరు, చీరాల పరిసరాల్లో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా దేవాలయాల్లో, పెళ్లిళ్లలో సన్నాయి మేళం పట్టాయి. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా ఈ సంప్రదాయం నుంచి వచ్చినవారే. తర్వాత శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అందుకున్నారు. ఊరేగింపులో వీధి చివరిదాకా వినపడేలా రూపొందిన వాద్యాన్ని నాలుగు గోడల మధ్య రికార్డు చేయడం చిన్న పని కాదు. సన్నాయిని మైకుకు దూరంగా, డోలును ఇంకా దూరంగా ఉంచాలి. పైగా మీడియం వేవ్‌లో ధ్వని పరిధి ఇంచుమించు 5 కిలోహెర్ట్జ్‌కే పరిమితం. దానివల్ల సన్నాయి గొంతులోని పదును కొంత మొద్దుబారేది. ఎఫ్‌ఎం 15 కిలోహెర్ట్జ్ దాకా పంపగలదు. అయితే ఆ వెసులుబాటు పల్లెలకు అందేనాటికి ఉదయపు మేళం వినే అలవాటే సన్నగిల్లింది.

విజయవాడ కేంద్రానికి పేరు తెచ్చింది మాత్రం భక్తిరంజని. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటివారు పాడిన తత్వాలు, కీర్తనలు, తరంగాలు కచేరీ చాపల మీద నుంచి దిగి వంటింట్లోకి వచ్చాయి. 1941లో మద్రాసు కేంద్రంలో చేరి, అనంతరం విజయవాడ కేంద్రాన్ని నడిపిన బాలాంత్రపు రజనీకాంతరావు లలిత సంగీతానికి తెలుగులో ఒక రూపం ఇచ్చారు. కవి రాసిన గేయం, నిలయ విద్వాంసుల వాద్యాలు, సినిమాతో సంబంధం లేని బాణీ దాని దినుసులు. సినిమా పాటకు పోటీగా రేడియో సొంతంగా పుట్టించుకున్న సంగీతం ఇదొక్కటే అనడం తప్పు కాదు.

అన్ని కళలకూ ఆకాశవాణి తలుపు సమానంగా తెరవలేదు. 1940 మార్చి నుంచి హార్మోనియానికి ఆకాశవాణిలో ప్రవేశం లేదు. భారతీయ సంగీతపు గమకాలు దానిమీద పలకవన్నది వాదన. ఆ నిషేధం 1970ల ఆరంభంలో గానీ సడలలేదు. ఆడిషన్, కళాకారుల గ్రేడుల పద్ధతి శాస్త్రీయ గాయకులకు క్రమశిక్షణ, గుర్తింపు ఇచ్చింది. హార్మోనియం నిషేధం మాత్రం పద్యనాటకానికి అడ్డంకైంది. తెనాలి పరిసరాల్లో పద్యనాటకం పెరిగిందే హార్మోనియం శ్రుతి మీద. రాగం సాగదీసి వన్స్‌మోర్ కొట్టించుకునే నటుడికి ఆ పెట్టె లేకపోతే సగం బలం పోయినట్టే. రంగస్థలం మీద పద్యనాటక నటుడు ఈలపాట రఘురామయ్యకు దక్కిన విస్తారం స్టూడియో గడియారం కింద ఎవరికీ దక్కేది కాదు.

బుర్రకథ సంగతి ఇంకో విధం. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ దూదేకుల కుటుంబం నుంచి వచ్చినవారు. ఆయన ఆత్మకథ పేరే ‘పింజారి’. కథకుడి తంబురా, చేతి అందెల గలగల, ఇద్దరు వంతల డక్కీలు, ఒక వంత వేసే హాస్యపు విసుర్లు, మరో వంత రాజకీయ వ్యాఖ్య కలిసి కేవలం చెవితోనే అర్థమయ్యే కళ ఇది. వామపక్ష సాంస్కృతిక సంస్థ ప్రజానాట్యమండలి వేదికల మీద పదునెక్కిన ఈ రూపాన్ని మద్రాసు ప్రభుత్వం 1940ల చివర్లో అణచివేయజూసింది. తరువాతి దశాబ్దాల్లో అదే బుర్రకథ ప్రభుత్వ పథకాల ప్రచారానికి రేడియోలో పనికొచ్చింది. నాజర్‌కు 1986లో పద్మశ్రీ లభించింది. అయితే రాత్రంతా సాగే కథ రేడియోలో అరగంటకు కుదించుకుపోయింది. పల్నాటి వీరుల కథను కారంపూడి తిరునాళ్లలో వీరవిద్యావంతులు రోజుల తరబడి పాడతారు. అలాంటి గానానికి ఏ కేంద్రంలోనూ చోటు కుదరదు, ముక్కలు తప్ప.

సినిమా పాట కథ ఢిల్లీలో మలుపు తిరిగింది. 1952లో సమాచార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా సంగీతాన్ని దాదాపు పక్కన పెట్టింది. శ్రోతలు ముల్లును రేడియో సిలోన్ వైపు తిప్పారు. అక్కడి తెలుగు కార్యక్రమంలో మీనాక్షి పొన్నుదురై గొంతు కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ పరిచయం. 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలుపెట్టి ఆకాశవాణి దిగివచ్చింది. ట్రాన్సిస్టర్లు చవకయ్యాక రేడియో పంచాయతీ ఆఫీసు స్తంభం మీది నుంచి పొలం గట్టుకు చేరింది. మిరపకోతల్లో కూలీలు తామే పాడుకునే పాటల పక్కన రేడియో జనరంజని కార్యక్రమపు సినిమా పాట చేరింది, క్రమంగా వాటి చోటు తీసుకుంది. రేడియో జానపదాన్ని కాపాడిందనే మాట తరచూ వినిపిస్తుంది. ఆ పొలాల్లో దాన్ని వెనక్కి నెట్టిందీ రేడియోనే.

జిల్లా స్థాయి చిన్న స్టేషన్ ఆలోచన బలపడింది 1980ల్లో. దేశంలో మొదటి స్థానిక కేంద్రం 1984 అక్టోబరు 30న నాగర్‌కోయిల్‌లో మొదలైంది. ఏడో పంచవర్ష ప్రణాళిక ఇలాంటివి విరివిగా తలపెట్టింది. తెలుగునాట ఆదిలాబాదు, కొత్తగూడెం, వరంగల్లు, నిజామాబాదు, అనంతపురం వంటి చోట్లతో పాటు అప్పటి ప్రకాశం జిల్లా పడమటి భాగంలో, పలకలకు పేరుపడ్డ మార్కాపురంలోనూ ఆకాశవాణి స్థానిక కేంద్రం వెలిసింది. వీటి తీరు వేరు. నిలయ విద్వాంసుల బృందాలు ఉండవు, సిబ్బంది కొద్దిమంది. రికార్డరు పట్టుకుని ఊళ్లకు వెళ్లి రైతుతో, బడిపిల్లలతో, భజన బృందంతో మాట్లాడించి పాడించడం మీద వీటి రూపకల్పన జరిగింది. వెనక కోడికూత, ట్రాక్టరు చప్పుడు వినిపించినా తీసేయనక్కర్లేదు. విజయవాడ స్టూడియో నిశ్శబ్దంలో పెరిగిన రేడియో తెలుగుకు ఈ కేంద్రాల్లో నల్లమల అంచు యాస తగిలింది. సొంత కార్యక్రమాల నడుమ మిగిలిన సమయాన్ని సినిమా పాటలు, పెద్ద కేంద్రాల రిలేలు నింపుతాయి. చిన్న స్టేషన్‌కు మనుషులు తగ్గినప్పుడల్లా ఈ రెండో భాగమే పెరుగుతుంది.

ఆకాశానికి యజమాని ప్రభుత్వం ఒక్కటే కాదని, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న తీర్పు చెప్పింది. దాని తరువాత రెండు దారులు తెరుచుకున్నాయి. మొదటిది ప్రైవేటు ఎఫ్‌ఎం. 2006 నాటి రెండో విడత లైసెన్సులతో విజయవాడలో రేడియో మిర్చి వంటి స్టేషన్లు వచ్చాయి, గుంటూరు పట్టణం వాటి శ్రోతల్లో భాగమైంది. స్టీరియో ధ్వని శుభ్రంగా ఉంది, కానీ అంతా ఒకే ఎత్తులో నొక్కిపెట్టిన ధ్వని. మెల్లని ఆలాపనకూ గట్టి డప్పుకూ తేడా చెరిగిపోతుంది. పాటల ఎంపిక కొత్త సినిమాల చుట్టూ తిరిగింది. రికార్డింగు కంపెనీలకు గంటల లెక్కన కట్టిన రుసుము భారంగా ఉన్నంతకాలం ఎక్కువమంది వినే పాటనే తిప్పితిప్పి వేయడం లాభం. 2010 ఆగస్టులో కాపీరైట్ బోర్డు దాన్ని ప్రకటనల నికర ఆదాయంలో 2 శాతంగా మార్చింది. రుసుము తగ్గినా పాటల జాబితా వెడల్పు కాలేదు. విజయవాడ ఆకాశవాణి తన ఎఫ్‌ఎంకు కృష్ణవేణి అని పేరు పెట్టుకుని అదే దారిలో కొంత నడిచింది.

రెండో దారి కమ్యూనిటీ రేడియో. దీనికి తెలుగునాట మాదిరి ఈ జిల్లాల్లో లేదు, తెలంగాణ మెదక్ ప్రాంతంలో ఉంది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది. దళిత మహిళా రైతులే దాన్ని నడిపారు. విత్తనాల కబుర్లు, పండుగ పాటలు, నాట్ల పాటలు తమ మాటతీరులోనే వినిపించారు. 2006 విధానం ప్రకారం ఇలాంటి స్టేషన్‌కు 100 వాట్ల ప్రసార శక్తి, పది పదిహేను కిలోమీటర్ల పరిధి ఉంటాయి. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలి. స్థానికుల గొంతుకు ఇక్కడ నిబంధన రూపంలోనే చోటు దక్కింది.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం చానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో ఒంగోలు, చీరాల, చిలకలూరిపేట, నరసరావుపేట ఉన్నాయి. సన్నాయి మేళాలకు, పల్నాటి కథాగానానికి నెలవైన పట్టణాలే ఇవి.