వికలాంగ మాజీ సైనికుల గృహ గ్రాంట్లు (అమెరికా)

సైనిక విధుల్లో శరీరం దెబ్బతిన్నవారు తమ ఇంట్లో తాము ఒకరి చేయి పట్టుకోకుండా తిరగగలిగేలా ఇల్లు కట్టుకోవడానికి, కొనుక్కోవడానికి, లేదా ఉన్న ఇంటిని మార్చుకోవడానికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయం ఇది. అప్పు కాదు, తిరిగి కట్టనక్కర్లేదు. 1948లో మొదలైన ఈ పథకాన్ని ఇప్పుడు వెటరన్స్ అఫైర్స్ శాఖ నడుపుతోంది. ప్రధానమైనది స్పెషల్లీ అడాప్టెడ్ హౌసింగ్ గ్రాంటు. దాని పక్కన మరికొన్ని చిన్న గ్రాంట్లు కాలక్రమంలో చేరాయి. వైద్యం ఎవరి ప్రాణం నిలబెట్టిందో వాళ్లకు చట్టంలో చోటు దొరకడానికి మళ్లీ ఏళ్లు పట్టడం ఈ చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

అంతకుముందు గాయపడిన సైనికుడికి ప్రభుత్వం చూపించిన ఇల్లు వేరు. అంతర్యుద్ధం ముగింపుకొస్తున్న రోజుల్లో, 1865 మార్చి 3న, అధ్యక్షుడు లింకన్ వికలాంగ సైనికుల జాతీయ ఆశ్రమాన్ని నెలకొల్పే చట్టంపై సంతకం చేశాడు. దాని మొదటి శాఖ మరుసటి ఏడాది మెయిన్ రాష్ట్రంలోని టోగస్‌లో తెరిచారు. తిండి, బట్ట, వైద్యం అక్కడ దొరికేవి. కానీ అది బ్యారక్ బతుకు. భార్యాపిల్లలతో సొంత ఇంట్లో ఉండాలనుకునేవాడికి పింఛను తప్ప మరో దారి ఉండేది కాదు.

వెన్నుపాము తెగినవారికైతే ఆ ప్రశ్న కూడా తలెత్తేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అలాంటి గాయం తగిలినవారిలో ఎక్కువమంది పడక పుండ్లు చీము పట్టి, మూత్రపిండాలు పాడై, కొద్ది వారాల్లోనో నెలల్లోనో చనిపోయారు. రెండో యుద్ధం నాటికి సల్ఫా మందులు వచ్చాయి, పెన్సిలిన్ వచ్చింది. రోగిని వేళ తప్పకుండా అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టడం, మూత్రాశయాన్ని జాగ్రత్తగా చూసుకోవడం అనే కొత్త పద్ధతులు వచ్చాయి. బోస్టన్‌లో డోనల్డ్ మన్రో, కాలిఫోర్నియాలో ఎర్నెస్ట్ బోర్స్ వంటి వైద్యులు ఈ పనికి తోవ చూపారు. ఫలితంగా నడుము కింది భాగం చచ్చుబడిన యువకులు వేల సంఖ్యలో బతికారు. ఆసుపత్రి వార్డుల్లో చక్రాల కుర్చీలు నడపడం నేర్చుకున్నారు, బాస్కెట్‌బాల్ ఆడారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. ఇంటికి వెళ్లడం దగ్గరే బండి ఆగింది. వాకిట్లో మెట్లు, కుర్చీ పట్టనంత ఇరుకు స్నానాల గది తలుపు, మేడమీద పడకగది.

1946 ఆగస్టులో కాంగ్రెస్ ఒక చట్టం చేసి, కాలు కోల్పోయిన సైనికులకు కారు కొనుక్కోవడానికి 1,600 డాలర్ల దాకా ఇచ్చింది. మంచి పనే. అయితే కారులో ఇంటిదాకా వెళ్లగలిగినవాడు గుమ్మం దాటలేకపోతే ఏం లాభం? ఈ ప్రశ్నను గట్టిగా అడిగింది బాధితులే. వేర్వేరు ఆసుపత్రుల్లోని పక్షవాత సైనికుల సంఘాలు 1947లో షికాగో దగ్గరి హైన్స్ ఆసుపత్రిలో కలుసుకుని పారలైజ్డ్ వెటరన్స్ ఆఫ్ అమెరికాగా ఏర్పడ్డాయి. ఇళ్ల కోసం వాళ్లు కాంగ్రెస్ తలుపు తట్టారు. ప్రతినిధుల సభలో మాజీ సైనికుల వ్యవహారాల కమిటీకి అప్పుడు ఎడిత్ నర్స్ రోజర్స్ అధ్యక్షురాలు. 1948 జూన్ 19న 80వ కాంగ్రెస్ 702వ చట్టం అమల్లోకి వచ్చింది. వెన్నుపాము గాయం వల్లో జబ్బు వల్లో రెండు కాళ్లూ పనిచేయక, చక్రాల కుర్చీ తప్పనిసరైన సైనికుడికి, అది సైనిక సేవలో వచ్చినదే అయితే, ఇంటి ఖర్చులో సగం, గరిష్ఠంగా 10,000 డాలర్లు ఇస్తామంది.

అప్పటికి ఆ దేశంలో అంగవైకల్యం ఉన్నవారికి భవనాలు ఎలా ఉండాలో చెప్పే జాతీయ ప్రమాణం ఏదీ లేదు. మొదటి ప్రమాణం 1961లో వచ్చింది, ప్రభుత్వ భవనాల్లో అడ్డంకులు తొలగించాలన్న చట్టం 1968లో. చక్రాల కుర్చీ కోసం ఇల్లు కట్టడమెలాగో మేస్త్రీలు, ఆర్కిటెక్టులు నేర్చుకున్న తొలి బడుల్లో ఈ సైనికుల ఇళ్లను లెక్కించాలి.

సగం ఖర్చు అనే షరతును మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. మిగతా సగం సైనికుడే తెచ్చుకోవాలి, అంటే బ్యాంకు అప్పు. ఆ రోజుల్లో నల్లజాతి మాజీ సైనికులకు బ్యాంకులు గృహరుణాలు నిరాకరించడం, మంచి పేటల్లో స్థలం అమ్మకపోవడం సర్వసాధారణం. చట్టంలో జాతి ప్రస్తావన లేకపోయినా గాయం ఒకటే అయినవారికి సాయం ఒకేలా అందే పరిస్థితి లేదు.

ఈ గ్రాంటుతో కట్టిన ఇళ్లలో అన్నిటికన్నా పేరుపొందినది ఇల్లినాయ్ రాష్ట్రం రాక్‌ఫర్డ్‌లో ఉంది. నౌకాదళంలో పనిచేసిన కెన్నెత్ లారెంట్‌కు వెన్నులో కణితి తీయడానికి చేసిన శస్త్రచికిత్స తర్వాత కాళ్లు చచ్చుబడ్డాయి. భార్య ఫిలిస్ ఒక పత్రికలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఇంటి గురించి చదివింది. విశాలంగా, అడ్డుగోడలు తక్కువగా ఉన్న అలాంటి ఇల్లయితే తమకు సరిపోతుందని ఆ దంపతులకు తోచింది. 1948లో లారెంట్ రైట్‌కు ఉత్తరం రాశాడు, అప్పటికే ఎనభై దాటిన ఆ ఆర్కిటెక్టు ఒప్పుకున్నాడు. ఇల్లు 1952లో పూర్తయింది. ఖర్చు గ్రాంటుకు రెండింతలు దాటింది.

ఒకే అంతస్తు, విల్లులా వంగిన గాజుగోడ, దాని అవతల తోట. గదికీ గదికీ మధ్య ఎత్తు గడపల్లేవు. తలుపులు వెడల్పు. స్విచ్చులు, తలుపు పిడులు కూర్చున్నవాడి చేతికి అందే ఎత్తులో ఉన్నాయి. కుర్చీ తిప్పడానికి అడ్డు రాకుండా చాలా సామాను గోడల్లోనే ఇమిడిపోయింది. వైకల్యమున్న మనిషి కోసమని రైట్ గీసిన ఇల్లు ఇదొక్కటే. చూసేవాడికి అందులో ఆసుపత్రి ఛాయ ఎక్కడా కనబడదు, ఆ ఇంటి గొప్పతనమంతా అందులోనే ఉంది. లారెంట్ దంపతులు అక్కడ దాదాపు అరవై ఏళ్లు కాపురమున్నారు. 2014 నుంచి అది మ్యూజియం.

ఇదే కాలంలో, 1950లో, మార్లన్ బ్రాండో మొదటి సినిమా ‘ద మెన్’ విడుదలైంది. కాలిఫోర్నియాలోని బర్మింగ్‌హామ్ ఆసుపత్రిలో నిజమైన రోగుల మధ్య చిత్రీకరించిన ఆ సినిమా పక్షవాత సైనికుడి సంసారాన్ని దేశమంతటికీ చూపించింది.

10,000 డాలర్ల పరిమితి 1969 దాకా కదల్లేదు. ఇరవయ్యొక్క ఏళ్లలో ఇళ్ల ధరలు ఎక్కడికో వెళ్లాయి, గ్రాంటు అక్కడే ఉంది. ఆ ఏడు 12,500 అయింది. వియత్నాం గాయాలతో వచ్చినవారి ఒత్తిడి పెరిగాక 1974లో 25,000 అయింది. అర్హతల జాబితా కూడా గాయం వెంట గాయంగా పెరిగింది. మొదట వెన్నుపాము ఒక్కటే; తర్వాతి సవరణల్లో కాళ్లు తెగినవారు, ఒక కాలితోపాటు చూపు కోల్పోయినవారు చేరారు. చేతులు రెండూ లేనివారికి, కళ్లు రెండూ పోయినవారికి 1980లో 5,000 డాలర్ల ప్రత్యేక చిన్న గ్రాంటు పెట్టారు. తలుపు పిడి తిప్పలేనివాడి ఇబ్బంది మెట్టు ఎక్కలేనివాడి ఇబ్బంది కన్నా తక్కువని ఆ అంకె చెప్పినట్టయింది. అది న్యాయమైన లెక్క కాదు.

ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలు మరో సమస్య తెచ్చాయి. మందుపాతరలకు కాళ్లు పోగొట్టుకున్న ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు సొంత ఇల్లుండదు. ఆసుపత్రి నుంచి అమ్మానాన్నల దగ్గరికే వెళ్తారు. గ్రాంటేమో సొంత ఇంటికే, అదీ జీవితంలో ఒక్కసారే. 2006 చట్టం ఈ రెండు నియమాలనూ సడలించింది. బంధువుల ఇంట్లో తాత్కాలికంగా ఉండేవారికి 14,000 డాలర్ల దాకా ఇవ్వవచ్చంది, మొత్తం మీద మూడుసార్లు వాడుకోవచ్చంది. కానీ తాత్కాలిక ఇంటికి తీసుకున్నది అసలు గ్రాంటులోంచి కోతపడేది. రేపు కట్టుకోబోయే ఇంటి డబ్బును ఇవాళ నాన్నగారి స్నానాల గదికి పెట్టడానికి చాలామంది ఇష్టపడలేదు. 2012లో ఆ కోత తీసేసి, మొత్తాన్ని 28,000కు పెంచారు.

ఏఎల్ఎస్ వ్యాధిగ్రస్తుల కథ ఇంకా బాధాకరం. కండరాలు ఒక్కొక్కటిగా పడిపోయే ఈ జబ్బు మాజీ సైనికుల్లో కనిపిస్తే సైనిక సేవ వల్లే వచ్చిందని భావించాలని 2008లో నిర్ణయించారు. అయినా ఇంటి గ్రాంటుకు కాళ్లు నిజంగా పడిపోయేదాకా ఆగాల్సి వచ్చేది. ర్యాంపు కట్టేసరికి రోగి మంచం పట్టేవాడు. 2013 నిబంధనతో జబ్బు నిర్ధారణ అయితే చాలు, అర్హత వచ్చినట్టే.

2008 తర్వాత గ్రాంటు గరిష్ఠ మొత్తం నిర్మాణ ఖర్చుల సూచికను బట్టి ఏటా పెరుగుతోంది. 2020 ఆగస్టులో వచ్చిన చట్టానికి, ఇరాక్‌లో ఒక చేయి, ఒక కాలు కోల్పోయిన రయన్ క్యూల్స్ పేరు, పాల్ బెన్ అనే మరొకరి పేరు కలిపి పెట్టారు. అది వాడుకునే అవకాశాన్ని ఆరుసార్లకు పెంచింది, రెండు కళ్ల చూపు కోల్పోయినవారిని పెద్ద గ్రాంటులోకి తెచ్చింది. 2025 ఆర్థిక సంవత్సరంలో పెద్ద గ్రాంటు గరిష్ఠం 1,21,812 డాలర్లు, చిన్నది 24,405.

దరఖాస్తు చేశాక శాఖ ఏజెంటు ఒకరు ఇంటికొచ్చి చూస్తారు. తలుపులు 36 అంగుళాల వెడల్పు, నడవాలు 48 అంగుళాలు, ర్యాంపు వాలు అడుగు పొడవుకు అంగుళం మించకుండా, ఒక దారిలో మంటలు రేగితే రెండో దారిలో కుర్చీ బయటపడేలా ద్వారాలు: ఇవీ కొలతలు. డబ్బు సాధారణంగా ఎస్క్రో ఖాతాలో, అంటే మూడో పక్షం దగ్గర, ఉంటుంది, పని సాగినకొద్దీ కాంట్రాక్టరుకు చేరుతుంది.

ఇవన్నీ సైనిక సేవలో వచ్చిన వైకల్యానికే. పదవీ విరమణ తర్వాత పక్షవాతం వచ్చినవారికి, ఇంటి మెట్ల మీంచి జారిపడినవారికి ఇవి వర్తించవు. వారికి శాఖ వైద్య విభాగం ఇచ్చే మరో చిన్న సాయం ఉంది. 2010 చట్టం దాన్ని సేవా వైకల్యమున్నవారికి జీవితకాలంలో 6,800 డాలర్లుగా, లేనివారికి 2,000గా నిర్ణయించింది. ఆ 2,000తో వాకిట్లో ఒక ర్యాంపు వేయించుకోవచ్చు. స్నానాల గది మార్పించడానికి సొంత డబ్బు తీయాల్సిందే.