తడి ఆరాకే తారు

ఫిబ్రవరి నెల, పొద్దున్న ఆరున్నర. విశాఖపట్నం సాగర్‌నగర్‌లో, బీచ్ రోడ్డుకు కూతవేటు దూరంలో ఉన్న అపార్ట్‌మెంట్ల ఆవరణ ఇది. కార్లన్నీ రాత్రే పక్క వీధిలోకి తరలించేశారు. గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే మీ చెప్పుల కింద కరకరమంటుంది. తారు పట్టు వదిలేసిన కంకర చిప్స్ అవి. చీపురుతో ఊడ్చిన కొద్దీ వస్తూనే ఉంటాయి.

వంగి నేలను తాకి చూడండి. వేసినప్పుడు నల్లగా నిగనిగలాడిన నేల ఇప్పుడు బూడిద రంగుకు తిరిగింది. చేతికి చెమ్మ తగులుతుంది. రాత్రి చినుకు కూడా పడలేదు. సముద్రం మీంచి గాలి మోసుకొచ్చిన ఉప్పు ఈ గరుకు నేల సందుల్లో సన్నటి పొడిలా పేరుకుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. అందుకే సముద్రపు ఒడ్డున వాన లేకపోయినా పొద్దున్నే నేల తడిగా ఉంటుంది. ఇవాళా రేపూ ఈ పార్కింగ్‌కు కొత్త తారు పొర వేసే పనంతా ఈ తడితోనే పోరాటం.

ఇంజినీరు గారు వచ్చారు. చేతిలో కొలత టేపు, సుద్దముక్క. అసోసియేషన్ సెక్రటరీ ఆయన్ని చూడగానే ఒకటే అడిగారు: "సార్, మొత్తం మీద ఒక కోటు లాగించేస్తే సరిపోతుంది కదా?"

ఆయన జవాబు చెప్పకుండా మిమ్మల్ని తూర్పు గోడ వైపు తీసుకెళ్లారు. అక్కడ నేల బాగా పాలిపోయింది, పైన చిప్స్ లేస్తున్నాయి, కానీ పగుళ్లు లేవు. "ఇది ఎండ చేసిన పని. ఎండకీ గాలిలోని ఆక్సిజన్‌కీ తారులో జిగట తగ్గి గట్టిపడిపోతుంది. వంగాల్సిన చోట పెళుసుగా విరుగుతుంది. పై పొర ఒక్కటే ముసలిదైంది, కింద బలం ఉంది. ఆవరణంతా ఇలాగే ఉంటే నీళ్లలో కలిపిన తారు ఎమల్షన్‌లో సన్నటి చిప్స్, డస్టు కలిపి స్లర్రీ సీల్ వేసుకున్నా చాలు, చాలా తక్కువలో అయిపోతుంది."

తర్వాత మొక్కల మడి పక్కకు నడిచారు. ఇక్కడ నేల అరచేయంత గళ్లుగా పగిలిపోయింది. ఒక గడి మీద కాలు పెట్టి నొక్కితే పక్క సందులోంచి బురదనీరు పైకి వచ్చింది. ఆయన సుద్దముక్కతో దాని చుట్టూ పెద్ద చతురస్రం గీశారు. "ఇది ఎండ పని కాదు. కింద మట్టి మెత్తబడింది. దీని మీద ఎంత మందం కోటు వేసినా, ఒక వానాకాలం తిరిగేసరికి ఇవే గళ్లు పైకి కనిపిస్తాయి."

కటింగ్ మిషన్ చప్పుడు మొదలైంది. గీత వెంట కోసి, పాత తారు పెళ్లలను గునపంతో లేపుతున్నారు. కింద కంకర పొరలో మట్టి కలిసిపోయి చిత్తడిగా ఉంది. ఇంకో అడుగు లోతు తవ్వాక కారణం దొరికింది. మొక్కలకు పోసే నీళ్లు బయటికి పోయే దారి లేక, మడి గోడ కిందుగా పార్కింగ్ అడుక్కి చేరుతున్నాయి. రోజూ రెండు పూటలా పోస్తున్న నీళ్లవి. మేస్త్రి శ్రీకాకుళం జిల్లా మనిషి, జుట్టు నెరిసింది. గుంటలోకి తొంగి చూసి, "తారుదేటి తప్పు బాబూ? అడుగున చెరువెట్టీసి పైన రోడ్డంటే ఎలాగుంటాది!" అన్నాడు. మడి గోడ వెంట పైపు వేసి కాలువలోకి కలిపే పని ముందు పెట్టుకున్నారు. గుంటలో చిత్తడి తీసేసి, పొడి కంకర పొరలుగా పోసి, ప్రతి పొరనూ దిమ్మిస మిషన్‌తో గట్టిపరిచారు.

ఆ పని జరుగుతుండగా ఇద్దరు కుర్రాళ్లు కంప్రెసర్ గాలితో పగుళ్లు ఊదుతున్నారు. ఇది దగ్గర కూర్చుని చూడాల్సిన పని. చిటికెన వేలు దూరే పగులు ఒకటి పట్టుకున్నారు. గాలి కొట్టగానే సన్నటి ఇసుక లేచింది. పగులు ఖాళీ అయిందనిపిస్తుంది. కుర్రాడు ఇనప చువ్వతో లోపల గీకి మళ్లీ కొట్టాడు, మళ్లీ ఇసుక. మూడోసారికి గాని నల్లటి అంచులు తేలలేదు. బీచ్ ఇసుక గాలికి ఎగిరొచ్చి ఏళ్ల తరబడి ఇందులో కూరుకుంది. ఇసుక ఉండగా పైన సీలు పోస్తే అది ఇసుకకు అంటుతుందే తప్ప పగులు గోడలకు అంటదు. ఇంజిన్ ఆయిల్ కారి మెత్తబడిన మచ్చల్ని గీకి పూర్తిగా తీసేశారు. తారు పెట్రోలియం నుంచి పుట్టిందే గనుక డీజిల్, ఆయిల్ దాన్ని కరిగిస్తాయి.

సాయంత్రం మేస్త్రి బకెట్ల కొద్దీ నీళ్లు తెప్పించి ఎత్తు వైపున పారబోయించాడు. నీళ్లు ఎటు పోతున్నాయో అందరూ చూస్తున్నారు. చాలావరకు కాలువ వైపే పారాయి. రెండు చోట్ల మాత్రం ఆగిపోయి మడుగు కట్టాయి. ఇంజినీరు గారు మడుగు అంచు వెంట సుద్దతో గీత గీశారు. తారు నేలకు నూటికి రెండు, రెండున్నర వంతుల వాలు ఉండాలి. అంటే పది మీటర్ల దూరానికి పాతిక సెంటీమీటర్ల దాకా దిగాలి. ఈ మడుగుల్ని రేపు మొదట సన్న తారు మిశ్రమంతో నింపి, ఆ తర్వాతే అసలు పొర వేస్తారు. మ్యాన్‌హోల్ ఫ్రేముల్ని కొత్త మట్టానికి ఎత్తుతున్నారు. ఉప్పుగాలికి తుప్పు పట్టి రేకుల్లా ఊడుతున్న కాలువ జాలీల్ని మార్చేస్తున్నారు. కొత్త పొర మూడు సెంటీమీటర్ల ఎత్తు పెంచుతుంది. సెల్లార్ ర్యాంపు మొదట్లో ఆ ఎత్తు తేడా చూసుకోకపోతే వాననీళ్లు లిఫ్ట్ గుంతలోకి దిగుతాయి. అందుకే అక్కడ పాత పొరను గీకి తీసేయించారు.

వెళ్లేముందు ఇంజినీరు గారు రెండు చిప్స్ మీ అరచేతిలో పెట్టారు. రెండింటికీ తారు పట్టించి ల్యాబులో ఇరవై నాలుగు గంటలు నీళ్లలో నానబెట్టారు. ఒకటి నిండా నల్లగానే ఉంది. రెండోదాని అంచుల్లో తారు జారిపోయి రాయి తెల్లగా బయటపడింది. సిలికా ఎక్కువగా ఉన్న రాయి తారు కంటే నీటినే ఎక్కువ దగ్గరకు తీసుకుంటుంది. తడి దొరికితే చాలు, తారును వదిలేస్తుంది. నానబెట్టాక కూడా నూటికి 95 వంతులు తారు నిలవాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిబంధన. నిలవని రాయికి సున్నం పొడి గాని, పట్టు పెంచే రసాయనం గాని కలపాలి. మొదటి రాయికి సున్నం కలిపారు, రెండోదానికి కలపలేదు. రేపు వచ్చే మిశ్రమంలో సున్నం ఉంటుంది.

రెండో రోజు. పనివాళ్లు ఏడింటికే సిద్ధంగా ఉన్నారు. రోలర్ వచ్చింది, తారు పరిచే పేవర్ వచ్చింది. సెక్రటరీ గారు గడియారం చూసుకుంటున్నారు. మేస్త్రి మాత్రం గోడ నీడన చేయి ఆన్చి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇంకా తడారలేదండి. ఇప్పుడేసీస్తే అట్టలా ఊడొచ్చేస్తాది." తారు మిశ్రమం కలిపే ప్లాంటుకు ఫోన్ చేసి మొదటి టిప్పర్‌ను గంట ఆలస్యంగా బయల్దేరమన్నారు. తడి నేల మీద, నిలిచిన నీటి మీద, వాన వచ్చేలా ఉన్నప్పుడు తారు పని ఆపేయాలని నిబంధనల్లోనే ఉంది. గాలి గంటకు 40 కిలోమీటర్లు దాటినా ఆపాల్సిందే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది ఈ ఊళ్లోనే. అక్టోబరంటే ఇక్కడ వానలు బాగా పడే నెల. ఈ పనికి ఫిబ్రవరి కుదిరిందంటే ఊరికే కాదు.

ఎండ ఎక్కింది. తొమ్మిదికి నేల పొడిగా తేలింది. ఎమల్షన్ కొట్టడం మొదలైంది. చదరపు మీటరుకు పావు కిలో చొప్పున సన్నటి తుంపర, అంతకన్నా ఎక్కువ వద్దు. ఎక్కువైతే కొత్త పొర దాని మీద జారుతుంది, ఎండాకాలంలో తారు పైకి ఉబికి వస్తుంది. పడినప్పుడు అది గోధుమ రంగులో ఉంది. అందులోని నీళ్లు విడిపోయే కొద్దీ చూస్తుండగానే నలుపుకు తిరుగుతోంది. నిండా నల్లబడేదాకా ఎవరూ కాలు పెట్టలేదు.

టిప్పర్ వచ్చింది. పైన టార్పాలిన్ కప్పి ఉంది. ఇంజినీరు గారు ముందు చలానా చదివారు: వీజీ-30 తారు. విశాఖలో 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై, 1976లో ప్రభుత్వం చేతికి వచ్చి, ఇప్పుడు హెచ్‌పీసీఎల్ నడుపుతున్న రిఫైనరీ తయారుచేసే వాటిలో ఈ తారు (బిటుమెన్) కూడా ఒకటి. ఈ ఊరికి తారు పరాయి సరుకు కాదు. ఆయన టార్పాలిన్ ఒక మూల లేపి పొడుగాటి థర్మామీటర్‌ను మిశ్రమంలో గుచ్చారు. ఆవిరి ముఖాన కొట్టింది. 152 డిగ్రీలు. పరిచేటప్పుడు 140కి తగ్గకూడదు, చుట్టడం పూర్తయ్యేసరికి 90కి దిగకూడదు. సరేనన్నట్టు తలూపారు.

పేవర్ కదిలింది. వెనక నల్లటి పరుపు, మోకాళ్ల దాకా వేడి. ఇద్దరు మనుషులు రేకు కర్రలతో అంచులు సరిచేస్తున్నారు. పేవర్ పట్టని మూలల్లో ఆడవాళ్లు తట్టలతో మోసుకెళ్లి పోస్తున్నారు. వాళ్ల కాళ్లకు గట్టి బూట్లున్నాయి, నీడన మజ్జిగ కుండ ఉంది. ఈ రెండూ పనిలో భాగమే. 140 డిగ్రీల సరుకు పక్కన నిలబడి పనిచేసేవాళ్లకు అవి లేకపోతే ఆ పనికి మనం ఒప్పుకోకూడదు. మేస్త్రి చువ్వ గుచ్చి మందం కొలుస్తున్నాడు. చుట్టాక ముప్పై మిల్లీమీటర్లు మిగలాలంటే పరిచినప్పుడు దాదాపు ముప్పై ఎనిమిది ఉండాలి.

రోలర్ లోతట్టు అంచున మొదలై ఎత్తు వైపు జరుగుతోంది. చక్రాలకు సరుకు అంటకుండా నీళ్లు కారుతున్నాయి. ఒక కుర్రాడు తన పారకు డీజిల్ రాయబోయాడు. మేస్త్రి కేకేశాడు: "ఒరే తమ్ముడూ, నూనె ఒద్దు! సబ్బునీళ్లు రాయి." డీజిల్ చుక్క పడిన చోట తారు మెత్తబడి, అక్కడే మొదటి గుంట పుడుతుంది.

పదిన్నర దాటేసరికి సముద్రపు గాలి లేచింది. మీ ముఖానికి అది హాయిగా ఉంది. ముప్పై మిల్లీమీటర్ల పలుచటి పొరకు మాత్రం అది శత్రువు. ఈ గాలికి పొర నిమిషాల్లో చల్లారిపోతుంది. చల్లారాక ఎంత తొక్కినా అణగదు. లోపల గాలి సందులు నూటికి ఎనిమిది వంతులు దాటితే అవి ఒకదానితో ఒకటి కలిసి నీటికి దారులవుతాయి. అందుకే గాలి తగిలే తూర్పు భాగాన్ని ఉదయమే ముగించేశారు. ఇప్పుడు రోలర్ పేవర్‌కు కొద్ది అడుగుల వెనకే వస్తోంది. రెండు పట్టీలు కలిసే చోట పాత అంచుకు ఎమల్షన్ పూసి, ఆ అతుకు మీద రోలర్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. నీళ్లు దూరేది మొదట అతుకుల్లోంచే.

మధ్యాహ్నానికి అయిదో టిప్పర్ ఖాళీ అయింది. వెయ్యి చదరపు మీటర్లు, మూడు సెంటీమీటర్ల మందం, దాదాపు డెబ్బై టన్నులు. కాటా చీటీలు కలిపి చూస్తే లెక్క సరిపోయింది. మర్నాటిదాకా ఏ బండీ లోపలికి రాకూడదని గేటుకు తాడు కట్టారు. మొదటి వేసవిలో కారును నిలిపిన చోటే స్టీరింగ్ తిప్పొద్దనీ, బైక్ స్టాండు కింద చిన్న చెక్కముక్క పెట్టమనీ ఇంజినీరు గారు నోటీసు బోర్డు మీద రాయించారు.

ఈ రెండు రోజుల్లో ఎక్కువ సమయం తారుకు కాదు, తారు రాకముందు జరగాల్సిన పనికే పట్టింది. కోస్తాలో ఎక్కడైనా ఇంటి ముందు దారికో, పార్కింగ్‌కో కొత్త కోటు వేయించుకునేవాళ్లు కొటేషన్‌లో చదరపు అడుగు రేటు ఒక్కటే చూస్తారు. మీరు అలా చూడకండి. చుట్టాక మిగిలే మందం, టన్నుల లెక్క, కాటా చీటీలు, ఎమల్షన్, పరిచేటప్పటి వేడి, మెత్తబడిన చోట్ల తవ్వకం, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. డిసెంబరు, మే నెలల మధ్యే పని పెట్టుకోండి. తడి ఆరలేదని మేస్త్రి ఆగమంటే ఆయన్ని తొందరపెట్టకండి. ముందు నీళ్లు బయటికి పోయే దారి చూపండి, ఆ తర్వాతే తారుకు డబ్బు కట్టండి.