విద్యాసాగరుడి తలనొప్పి

మొన్న మన గ్రూపులో ఒక అక్కయ్యగారు అడిగారు: "పార్శ్వనొప్పికి హోమియో మొదలుపెట్టాను. న్యూరాలజిస్టు రాసిన మాత్ర ఆపేయనా?" రెండు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చుంటే ఎప్పటిలాగే పెద్ద పోస్టయింది. (ఇక్కడ మన కన్నడ ఇరుగుపొరుగు అరెతలెనోవు అంటారే, అదే మైగ్రేన్.)

మన దేశంలో హోమియో నిలదొక్కుకోవడం వెనక ఇలాంటి తలనొప్పే ఒకటుంది. ఆ తల ఈశ్వరచంద్ర విద్యాసాగరుడిది. వీరేశలింగంగారిని దక్షిణాది విద్యాసాగరుడని ఎవరితో పోల్చి అన్నారో, ఆయనే. 1860ల కలకత్తాలో రాజేంద్రలాల్ దత్తు అనే సంపన్నుడు హోమియో వైద్యం చేసేవాడు. ఆయన మందుతో విద్యాసాగరుడి నొప్పి తగ్గింది. ఇక విద్యాసాగరుడు తానే ఆ వైద్యం నేర్చుకుని, తర్వాతి కాలంలో కర్మాటాడ్‌లో సంతాల్ గిరిజనులకు మందులిచ్చారు.

ఇంకొకాయన మహేంద్రలాల్ సర్కార్. 1863లో ఎం.డి. పట్టా అందుకున్న ఇంగ్లీషు వైద్యుడు, హోమియో అంటే మండిపడేవారు. హోమియో మీద ఒక పుస్తకానికి సమీక్ష రాయాల్సి వచ్చినప్పుడు, చూడకుండా ఎలా తిట్టేదని దత్తు రోగులను దగ్గరుండి గమనించారు. మనసు మారిపోయింది. 1867లో డాక్టర్ల సభలో ఆ సంగతి చెప్పేసరికి తోటివాళ్లు వెలివేశారు. ఈయనే 1876లో కలకత్తాలో సైన్సు సంస్థ పెట్టారు. 1928లో రామన్ ఎఫెక్ట్ బయటపడింది అక్కడే. ఆ రామన్‌గారే 1933లో మన ఊళ్లో టాటా ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టరుగా వచ్చారు. కథ తిరిగి తిరిగి మల్లేశ్వరం పక్కకే చేరిందన్నమాట!

సర్కార్‌గారి నిజాయితీకి నేను దణ్ణం పెడతాను. కానీ ఒక్క చిక్కుంది. మైగ్రేన్ దానంతటదే వస్తుంది, పోతుంది. నొప్పి బాగా ముదిరినప్పుడే మనం కొత్త డాక్టరు దగ్గరికి పరిగెడతాం. ఆ తర్వాత ఎలాగూ కొంత తగ్గుతుంది. పేరు మాత్రం మందుకొస్తుంది. పైగా ఆ రోజుల్లో ఎదుటి వైద్యమంటే నెత్తురు తీయడం, పాదరసం తినిపించడం. వాటికన్నా చక్కెర గోళీ నయమే కదా! 30 పొటెన్సీ అంటే నూరో వంతుకు పలచన చేయడం, ముప్పైసార్లు. చివరికి అసలు మందు అణువు ఒక్కటీ మిగలదు. 2015లో ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలి అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి, ఏ జబ్బుకీ హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది.

అయినా హోమియో డాక్టర్లు గంటసేపు కూర్చోబెట్టి నిద్ర, తిండి, నెలసరి అన్నీ అడుగుతారు. ఆ ఓపిక మన పెద్దాసుపత్రుల్లో ఏదీ?

అక్కయ్యగారూ, గోళీలు మీ ఇష్టం. మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి. అది ప్రొప్రనలాల్ అయితే హఠాత్తుగా మానడం గుండెకే ప్రమాదం. మామూలు నొప్పి మాత్రలు నెలకు పదిహేను రోజులు వాడితే వాటివల్లే తలనొప్పి వస్తుంది, ఆ లెక్క ఒక డైరీలో రాసుకుని న్యూరాలజిస్టుకి చూపించండి. ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, మాట తడబడినా, చెయ్యి పట్టు తప్పినా గ్రూపులో అడగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.