జోడేఘాట్ మాట, కృష్ణానగర్ మాట

ఆదివాసీ పోరాటాల చరిత్ర అంటే మనకు భూమి, అడవి గుర్తొస్తాయి. ఎవరి మాట సాక్ష్యంగా చెల్లుతుందన్న తగాదా కూడా ఆ చరిత్రలో భాగమే.

నిజాం కాలంలో ఆసిఫాబాద్ అడవుల్లో గోండులు, కొలాములు పోడు చేసుకొని బతికేవారు. ఈ చేను మా తాతలు కొట్టిందని పెద్దలు చెబితే ఊళ్ళో అదే రుజువు. కచేరీలో మాత్రం ఉర్దూ కాగితం ఉండాలి. అడవిని రిజర్వు చేశాక, కాగితం లేనివాడు తన చేనులోనే ఆక్రమణదారుడయ్యాడు.

కొమురం భీం పేరుతో మనకు చేరిన 'జల్, జంగల్, జమీన్' నినాదాన్ని ఈ కోణంలో చూడండి. అందులో గోండి మాట ఒక్కటీ లేదు. గోండిలో నీటిని 'ఏర్' అంటారు. సర్కారు చెవికెక్కాలంటే సర్కారుకు తెలిసిన మాటల్లోనే అడగాలి. అలా అడిగినా దొరికింది తూటాలే. 1940లో జోడేఘాట్‌లో భీం, ఆయన సహచరులు నేలకొరిగారు. ఆ తర్వాతే ప్రభుత్వం గోండుల గోడు వినడానికి హైమన్‌డార్ఫ్ సలహా తీసుకుంది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. నాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి.

కచేరీ తర్వాత మన కథ చేరిన చోటు సినిమా. పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలాక, కృష్ణానగర్ చిన్న వేషాల కోసం ఎదురుచూసేవారి అడ్డా అయింది. తెర మీద మనవాళ్ళకు ఎక్కువగా దక్కింది ఈకల తలపాగా, ఏ గూడెంలోనూ వినపడని యాస. అల్లాణి శ్రీధర్ తీసిన 'కొమరం భీమ్' 1990లో తయారైనా, విడుదలకు 2010 దాకా ఆగాల్సి వచ్చింది.

2020 అక్టోబరులో 'ఆర్ఆర్ఆర్' ప్రచార చిత్రంలో భీం టోపీ పెట్టుకొని కనిపించాడు. ఆదిలాబాద్ ప్రాంతంలో అభ్యంతరాలు లేచాయి. ఇది కల్పిత కథ, ఆ వేషం కథలో మారువేషం అన్నది సినిమా పక్షం. నిజాం సర్కారుతో పోరాడి చనిపోయినవాడికి ఆ వేషమేమిటన్నది మనవాళ్ళ ప్రశ్న. ఇద్దరూ మాట్లాడింది తెలుగే. అయినా 'కథ' అన్న మాటకు ఇద్దరికీ ఒకే అర్థం లేదు. సినిమావారికి కథ ఊహకు వదిలిన చోటు. పర్ధాన్ కిక్రీ వాయిస్తూ చెప్పే కథ గోండులకు వంశసాక్ష్యం.

ఇక్కడ మనమూ జాగ్రత్తగా మాట్లాడాలి. భీం పోరాడింది అటవీ, రెవెన్యూ అధికారుల దౌర్జన్యంతో. ఒక మతంతో కాదు. మన అభ్యంతరం మతద్వేషంగా మారితే భీం మాట మళ్ళీ ఇతరుల చేతిలో పడుతుంది.

గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఇక రాయలేమన్న సాకు లేదు. ఉపాధ్యాయులు పిల్లలచేత ముసలివాళ్ళ మాటలను ముందు గోండిలో, తర్వాత తెలుగులో రాయించాలి. గోండిలో రాసింది మన పిల్లలకు మిగులుతుంది. తెలుగులో రాసింది కచేరీకి, కృష్ణానగర్‌కు జవాబుగా పనికొస్తుంది.