తరంగంబాడి కోట, మన రాజు సంతకం



మాయవరం దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న తరంగంబాడిని అందరూ డేనిష్ ఊరు అంటారు. టూరిజం బొమ్మల్లో డాన్స్‌బోర్గ్ కోటే కనబడుతుంది. ఆ కోటకి చోటు ఇచ్చినది ఎవరు అని అడిగితే మన పిల్లలు జవాబు చెప్పలేరు.

1620లో ఓవె గెడ్డె అనే డేనిష్ నౌకాధిపతి వచ్చి తంజావూరు రఘునాథ నాయకుడితో ఒప్పందం చేసుకున్నాడు. రఘునాథుడు మన తెలుగు రాజు, వాల్మీకి చరిత్రము రాసిన కవి. డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్‌కి ఆయన బంగారు రేకు మీద ఉత్తరం పంపాడు. ఉత్తరం తమిళంలో, సంతకం తెలుగులో. ఆ రేకు ఇప్పుడు కోపెన్‌హాగన్‌లో భద్రంగా ఉంది. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు అని బతికిన మనకి ఇంతకన్నా దగ్గర సాక్ష్యం ఏముంది?

1706లో సీగన్‌బాల్గ్ అక్కడికి వచ్చాడు. తమిళ అచ్చు పని అక్కడ జోరుగా నడిచింది. 1845లో డేనులు తరంగంబాడిని, బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌ని కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకి ఇంగ్లీషువాళ్లకి అమ్మేశారు. 1861లో రైలు నాగపట్నం రేవుకి వచ్చింది, వ్యాపారం అటు పోయింది. తరంగంబాడికి రైలు 1926లో గానీ రాలేదు. మాయవరం నుంచి వచ్చే ఆ మీటర్ గేజ్ లైను కూడా 1986లో మూతపడింది. రైల్వేలో పని చేసినవాడిగా చెబుతున్నాను, లైను పోయిన ఊరికి జనం రావడం తగ్గిపోతుంది.

కోటకి రంగు వేస్తే టూరిజం పెరగదు. నాకు తోచినవి మూడు. ఒకటి, ఆ లైను మళ్ళీ వేయాలి. రెండు, కోటలో ఆ బంగారు ఉత్తరం ఫోటో పెద్దదిగా, తమిళం, తెలుగు వివరణతో పెట్టాలి. పక్కనే ఉన్న మాసిలామణినాథర్ గుడిని కూడా చూపాలి. పాండ్యుల కాలం గుడి అది, ముందు భాగాన్ని సముద్రం తినేసింది. మూడు, 2004 సునామీలో మనుషులనీ పడవలనీ పోగొట్టుకున్న జాలరి కుటుంబాలకి ఈ ఆదాయంలో పాలు ఉండాలి. హోటళ్ల కోసం వాళ్లని ఒడ్డు నుంచి లేపితే అది అభివృద్ధి కాదు.

రెండో విషయం మనం అడగవలసినది. వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి పురావస్తు శాఖకి మనవి పంపుదాం. మీ అభిప్రాయం రాయండి.