ఓటుతో మొదలై, గడియారంతో నడిచే పేకాట

పోకర్ అమెరికాలో పాత ఆటే. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో న్యూ ఆర్లియన్స్ చుట్టుపక్కల రూపుకట్టి, మిసిసిపి నది ఆవిరి పడవలెక్కి ఊరూరా పాకింది. దాన్ని పోటీగా ఆడటం మాత్రం నిన్నమొన్నటి సంగతి. వందేళ్ళకు పైగా అది రొక్కం ఆటే. గెలిచినవాడు ఎప్పుడైనా లేచిపోవచ్చు, పోగొట్టుకున్నవాడు జేబులోంచి మళ్ళీ తీయొచ్చు. అలాంటి ఆటలో అందరికన్నా మిన్న ఎవరో తేలేదెలా?

1970లో లాస్ వెగాస్‌లోని హార్స్‌షూ క్యాసినో యజమాని బెన్నీ బినియన్ పేరుమోసిన ఆటగాళ్ళను పిలిపించి, ఆ సమావేశానికి 'వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్' అని పేరు పెట్టాడు. రకరకాల పోకర్లు రొక్కానికే ఆడారు. చివరికి ఓట్లేసి జానీ మాస్‌ను విజేతగా ఎన్నుకున్నారు. మొదట ఎవరి ఓటు వాళ్ళకే వేసుకున్నారనీ, రెండో గొప్పవాడెవరని అడిగితే మాస్ పేరు వచ్చిందనీ ఓ కథ చెబుతారు.

మరుసటి ఏడాది పద్ధతి మారింది. ఒక్కొక్కరూ 5,000 డాలర్లు కట్టి, సమానమైన చిప్స్‌తో కూర్చున్నారు. మళ్ళీ కొనుక్కోవడం లేదు, లాభంతో మధ్యలో లేచిపోవడం లేదు. చిప్స్ అయిపోయినవాడు ఇంటికి. మొత్తం ఒక్కడి ముందు చేరేదాకా ఆట. ఈ 'ఫ్రీజ్ అవుట్' ఆలోచన పగ్గీ పియర్సన్ అనే ఆటగాడిదని ప్రతీతి. ఈసారి ఓట్లు అక్కర్లేకుండానే మాస్ గెలిచాడు. 1972లో ప్రవేశ రుసుము 10,000 డాలర్లయింది. ఇప్పటికీ అంతే.

ఆడేది టెక్సస్ హోల్డెమ్. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. బల్ల మధ్యలో ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఇంకొకటి తెరుస్తారు. ఈ ఏడింటిలోంచి మేలైన ఐదు ముక్కల చేయి కట్టాలి. ప్రతి పంపకానికీ ఇద్దరు ముక్కలు చూడకముందే చిన్న బ్లైండ్, పెద్ద బ్లైండ్ అనే తప్పనిసరి పందేలు కట్టాలి. పోటీలో ఈ బ్లైండ్లు గడియారాన్ని బట్టి పెరుగుతూ పోతాయి. ఇవాళ్టి ప్రధాన పోటీలో 60,000 చిప్స్‌తో, 100-200 బ్లైండ్లతో మొదలవుతారు. ప్రతి రెండు గంటలకూ రేటు పెరుగుతుంది. మంచి ముక్కల కోసం చేతులు కట్టుకు కూర్చున్నవాడి దొంతర దానంతటదే కరిగిపోతుంది. ఈ గడియారమే లేకపోతే పోటీకి ముగింపే ఉండదు.

నా దృష్టిలో అసలు మలుపు 1978. అంతవరకూ మొత్తం సొమ్ము గెలిచినవాడికే. ఆ ఏడాది 42 మంది ఆడారు, 4,20,000 డాలర్లు పోగయ్యాయి. బాబీ బాల్డ్‌విన్ బల్లమీది చిప్స్ అన్నీ ఊడ్చి, 2,10,000 డాలర్లు అందుకున్నాడు. మిగతా సగం అతని వెనక నిలిచిన నలుగురికి వెళ్ళింది. ఇక్కడ కాసేపు ఆగాలి. ఆట మొదట్లో డాలరు విలువ చేసిన చిప్, ఆఖరికి అర డాలరే చేసింది! అంటే కొత్తగా గెలిచే చిప్ కన్నా, చేతిలోంచి పోయే చిప్ విలువే ఎక్కువ. పోటీ పోకర్ కిటుకంతా ఈ లెక్కలోనే ఉంది. దాన్నే గణితంగా మలిచి 'ఐసీఎం' (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అన్నారు.

ఆడే తీరు కూడా దీన్నుంచే పుడుతుంది. మొదట్లో బ్లైండ్లతో పోలిస్తే చిప్స్ బోలెడు; మంచి ముక్కలకు నిదానంగా ఆడొచ్చు, తొందరపడి అన్నీ ఒడ్డనక్కర్లేదు. ఇంకొకరిద్దరు పోతే బహుమతులు మొదలయ్యే ఘట్టాన్ని 'బబుల్' అంటారు. అక్కడ మధ్యస్థంగా చిప్స్ ఉన్నవాళ్ళు జంకుతారు, పెద్ద దొంతర ఉన్నవాడు వాళ్ళ బ్లైండ్లు వరసపెట్టి లాక్కుంటాడు. పెద్ద బ్లైండ్‌కు పది రెట్లే మిగిలితే చిన్న చిన్న పందేలు దండగ: మొత్తం తోసేయాలి, లేదా ముక్కలు పడేయాలి. అలాగని అప్పుడే ఆశ వదలకూడదు. 1982లో జాక్ స్ట్రాస్ అంతా పోయిందనుకుని లేవబోతే, ఒక్క చిప్ మిగిలి కనబడిందనీ, దాంతోనే తిరిగి కూర్చుని విజేత అయ్యాడనీ పోకర్ లోకం ఇప్పటికీ మురిసిపోతూ చెప్పుకుంటుంది.

పది వేలు లేనివాళ్ళ కోసం 'శాటిలైట్' పోటీలు వచ్చాయి. తక్కువ రుసుము కట్టి గెలిస్తే పెద్ద పోటీలో సీటు. 1983లో టామ్ మెకెవాయ్ ఆ దారిన వచ్చి గెలిచిన తొలి విజేత. 2003లో టెనెసీకి చెందిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ ఆన్‌లైన్ శాటిలైట్‌లో సీటు సంపాదించి, 838 మందిని దాటి 25 లక్షల డాలర్లు గెలిచాడు. ముక్కలు చూపించే బల్ల కెమెరాల వల్ల జనం ఇంట్లో కూర్చుని ఎవరి చేతిలో ఏముందో చూస్తూ ఆ పోటీని ఆస్వాదించారు. మరుసటి ఏడాది 2,576 మంది, 2024లో 10,112 మంది ఆడారు.

మన దగ్గర డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది. కానీ ఫ్రీజ్ అవుట్ నేర్చుకోవడానికి రూపాయి కూడా అక్కర్లేదు. ఎనిమిది మంది, ఒక పేక, మనిషికి సమానంగా పంచిన ప్లాస్టిక్ బిళ్ళలు, పావుగంటకోసారి బ్లైండ్లు పెంచే ఫోన్ అలారం చాలు. తొలి గంటలోనే బిళ్ళలు తగ్గినవాడు కూర్చునే తీరు మారిపోవడం చూస్తారు.